రాతిలో దాగిన రాగి: పోర్ఫిరీ నిక్షేపాల పుట్టుక, అన్వేషణ, మలంజ్‌ఖండ్ ప్రశ్న

ఘాజియాబాద్: సాహిబాబాద్ నుంచి దుహై వరకు 2023 అక్టోబరులో ప్రారంభమైన నమో భారత్ రైలుకైనా, నగరంలోని పరిశ్రమల్లో తిరిగే మోటార్లకైనా, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కైనా కావలసిన ప్రధాన లోహం రాగి. అయితే ఘాజియాబాద్ నేలలో రాగి దొరికే అవకాశం దాదాపు లేదు. యమున, హిందన్, గంగ నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతమంతా హిమాలయాల నుంచి కొట్టుకువచ్చిన ఒండ్రుతో నిండి ఉంది. ఖనిజాన్ని మోసే పురాతన శిలలు ఆ ఒండ్రు కింద ఎక్కడో లోతున ఉన్నాయి. ఇక్కడ వాడే ప్రతి కిలో రాగీ దూరప్రాంతపు గని నుంచి గానీ, విదేశీ ఓడరేవు నుంచి గానీ, పాత సామాను కరిగించే కొలిమి నుంచి గానీ రావలసిందే.

ప్రపంచంలో తవ్వుతున్న రాగిలో అత్యధిక భాగం ఒకే రకమైన నిక్షేపాల నుంచి వస్తోంది. వాటిని పోర్ఫిరీ రాగి నిక్షేపాలంటారు. భూగర్భ శాస్త్రవేత్తల అంచనా ప్రకారం ప్రపంచ రాగిలో సుమారు మూడు వంతుల వరకు, మాలిబ్డినంలో దాదాపు సగం, బంగారంలో ఐదో వంతు వరకు వీటి నుంచే లభిస్తున్నాయి. భారతదేశంలో ఈ తరహాకు దగ్గరగా నిలిచే పెద్ద నిక్షేపం మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్ ఒక్కటే. అది నిజంగా పోర్ఫిరీ నిక్షేపమేనా అన్న విషయంపై శాస్త్రవేత్తల మధ్య దశాబ్దాలుగా చర్చ సాగుతోంది. దేశంలో రాగి కోసం ఇకపై ఎక్కడ వెతకాలన్నది కొంతమేరకు ఆ చర్చ ఫలితంపై ఆధారపడి ఉంది.

పోర్ఫిరీ అంటే ఏమిటి?

పోర్ఫిరీ అనే పేరు ఊదారంగును సూచించే గ్రీకు పదం నుంచి వచ్చింది. ప్రాచీన రోమన్లు భవనాలకు, విగ్రహాలకు వాడిన ఊదారంగు రాయికి తొలుత ఆ పేరు ఉండేది. ఇప్పుడు రంగుతో సంబంధం లేకుండా రాతి నిర్మాణాన్ని బట్టి ఈ మాటను వాడుతున్నారు. సన్నని రేణువుల ముద్దలో పెద్ద పెద్ద స్ఫటికాలు పొదిగినట్లు కనిపించే అగ్నిశిల పోర్ఫిరీ. శిలాద్రవం లోతున నెమ్మదిగా చల్లబడుతున్నప్పుడు పెద్ద స్ఫటికాలు ఏర్పడతాయి. ఆ దశలో అది హఠాత్తుగా పైకి చొచ్చుకువచ్చి వేగంగా చల్లబడితే మిగిలిన ద్రవం సన్నని రేణువులుగా గడ్డకడుతుంది. ఒకే రాతిలో రెండు పరిమాణాల స్ఫటికాలు ఉండటానికి కారణం ఇదే.

ఇలాంటి శిలలతో ముడిపడి, వాటిలోనూ వాటి చుట్టూ ఉన్న రాళ్లలోనూ సన్నని పగుళ్ల నిండా, రేణువుల మధ్యా రాగి ఖనిజాలు వెదజల్లినట్లుగా ఉండే భారీ నిక్షేపమే పోర్ఫిరీ రాగి నిక్షేపం. దీనిలో లోహశాతం తక్కువగానూ, పరిమాణం అపారంగానూ ఉంటాయి. రాగి శాతం సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం మధ్య ఉంటుంది, అంతకంటే తక్కువగానూ ఉండవచ్చు. ఖనిజం మాత్రం కోట్ల టన్నులలో, కొన్నిచోట్ల వందల కోట్ల టన్నులలో ఉంటుంది. చాల్కోపైరైట్, బోర్నైట్ ఇందులోని ప్రధాన రాగి ఖనిజాలు. వీటితోపాటు ఇనుము, గంధకాల సమ్మేళనమైన పైరైట్ పుష్కలంగా ఉంటుంది. మాలిబ్డినైట్, స్వల్ప మోతాదులో బంగారం, వెండి కూడా లభిస్తాయి. రీనియం, సెలీనియం, టెల్లూరియం వంటి అరుదైన మూలకాలు ఈ ఖనిజాలను శుద్ధి చేసేటప్పుడు ఉప ఉత్పత్తులుగా వస్తాయి.

రాగి ఎలా పోగుపడుతుంది?

భూపటలంలో రాగి సగటున టన్ను రాతికి కొన్ని పదుల గ్రాములు మాత్రమే ఉంటుంది. అర శాతం ఖనిజమంటే టన్నుకు 5,000 గ్రాములు. అంటే సాధారణ రాతిలోని రాగిని ప్రకృతి దాదాపు వంద రెట్లు సాంద్రం చేయాలి. దానికి వేడి, నీరు, గంధకం, పగుళ్లు ఒకే చోట, ఒకే కాలంలో కలిసి రావాలి.

సముద్ర గర్భంలోని భూఫలకం మరో ఫలకం కిందికి జారే ప్రాంతాల్లో ఈ ప్రక్రియ మొదలవుతుంది. కిందికి దిగే ఫలకం తనలో ఇమిడిన నీటిని లోతున విడుదల చేస్తుంది. ఆ నీరు పైనున్న వేడి శిలల ద్రవీభవన స్థానాన్ని తగ్గించడంతో నీటితో నిండిన శిలాద్రవం పుడుతుంది. ఈ శిలాద్రవంలో ఆక్సిజన్ పాలు ఎక్కువ. అందువల్ల గంధకం సల్ఫేట్ రూపంలోనే ఉండిపోతుంది. లేకుంటే గంధకం తొలిదశలోనే సల్ఫైడ్‌గా మారి రాగిని పట్టుకుని లోతుల్లోనే ఉండిపోయేది.

భూమికి సుమారు 5 నుంచి 15 కిలోమీటర్ల లోతున ఈ శిలాద్రవం పెద్ద గదుల్లా చేరుతుంది. అక్కడి నుంచి వేళ్ల వంటి శాఖలు పైకి లేచి, ఉపరితలానికి కొద్ది కిలోమీటర్ల లోతు వరకు వస్తాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. సోడా సీసా మూత తీయగానే వాయువు పొంగినట్లు, శిలాద్రవంలో కరిగి ఉన్న నీరు వేరుపడి బయటికి వస్తుంది. ఉప్పుతో నిండిన ఆ వేడినీరు క్లోరిన్, గంధక సమ్మేళనాల సాయంతో రాగిని తనతో మోసుకువెళుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న రాయి వేలాది సన్నని పగుళ్లుగా చీలుతుంది. 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలైన ద్రవం పగుళ్ల గుండా పైకి సాగుతూ 400 డిగ్రీల పరిసరాలకు, ఆ దిగువకు చల్లబడేటప్పుడు రాగిలో ఎక్కువ భాగం సల్ఫైడ్‌గా అవక్షేపమవుతుంది. క్వార్ట్జ్ నిండిన ఈ పగుళ్ల వల మీదే నిక్షేపం విలువ ఆధారపడి ఉంటుంది.

మార్పు మండలాలు

వేడిద్రవం ప్రవహించిన దారిలో రాళ్ల ఖనిజ స్వభావం మారిపోతుంది. ఈ మార్పులు ఉల్లిపాయ పొరల్లా ఒకదాని చుట్టూ ఒకటిగా అమరుతాయి. నడిమధ్యన పొటాసిక్ మండలం ఉంటుంది. గులాబీరంగు పొటాష్ ఫెల్డ్‌స్పార్, నల్లని బయోటైట్, కొన్నిచోట్ల మాగ్నెటైట్ ఇక్కడి ఆనవాళ్లు. రాగి ఎక్కువగా ఈ మండలంలోనూ దాని అంచుల్లోనూ చేరుతుంది. దాని వెలుపల తెల్లని సన్నని అభ్రకమైన సెరిసైట్, క్వార్ట్జ్, పైరైట్‌లతో కూడిన ఫిల్లిక్ మండలం ఉంటుంది. పైభాగంలో ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారిన ఆర్గిలిక్ మండలం కనిపించవచ్చు. అన్నిటికంటే వెలుపల క్లోరైట్, ఎపిడోట్‌ల వల్ల ఆకుపచ్చగా కనిపించే ప్రొపిలిటిక్ మండలం కిలోమీటర్ల వెడల్పున వ్యాపిస్తుంది.

ఈ అమరికను అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు డేవిడ్ లోవెల్, జాన్ గిల్‌బర్ట్ 1970లో ఒక నమూనాగా ప్రతిపాదించారు. దాని వెనుక ఒక ఆచరణాత్మక విజయం ఉంది. అరిజోనాలోని శాన్ మాన్యుయెల్ నిక్షేపంలో మండలాలు పూర్తి వలయంగా కాక సగం మాత్రమే ఉన్నట్లు లోవెల్ గమనించారు. భ్రంశం వల్ల నిక్షేపం రెండు ముక్కలై ఉండాలని, రెండో సగం మరోచోట లోతున ఉండాలని ఊహించారు. 1965లో డ్రిల్లింగ్ జరిపితే ఆ సగం నిజంగానే దొరికింది. దానినే కలమజూ నిక్షేపమంటారు. రాళ్లలో మార్పులను చదవగలిగితే కంటికి కనిపించని ఖనిజాన్ని కూడా అంచనా వేయవచ్చని ఆ సంఘటన రుజువు చేసింది. 1981లో చిలీలోని ఎస్కోండిడా నిక్షేపాన్ని కనుగొన్న అన్వేషణకూ లోవెల్ సారథ్యం వహించారు. నేడు అది ప్రపంచంలో అత్యధికంగా రాగి ఇచ్చే గని.

పైపొరల్లో రెండో సాంద్రీకరణ

పోర్ఫిరీ నిక్షేపం కోతకు గురై భూమి ఉపరితలానికి చేరువైనప్పుడు మరో ప్రక్రియ మొదలవుతుంది. వాననీరు, గాలి తగిలి పైరైట్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం పైభాగంలోని రాగిని కరిగించి కిందికి దింపుతుంది. భూగర్భ జలమట్టం దగ్గర ఆక్సిజన్ అందకపోవడంతో ఆ రాగి చాల్కోసైట్ రూపంలో దుప్పటిలా పేరుకుంటుంది. అక్కడ రాగిశాతం అసలు ఖనిజంకంటే రెండు మూడు రెట్లు పెరగవచ్చు. పైన మిగిలేది ఇనుపతుప్పు రంగులో ఉన్న గుల్లబారిన రాయి. చిలీలోని అటకామా ఎడారిలో నెమ్మదిగా జరిగిన కోత, తర్వాత నెలకొన్న తీవ్రమైన పొడి వాతావరణం ఈ సంపన్న పొరలను కాపాడాయి. ప్రపంచ రాగి ఉత్పత్తిలో చిలీ వాటా సుమారు నాలుగో వంతుగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

తక్కువ లోహశాతం నుంచి పరిశ్రమ

ఇరవయ్యో శతాబ్ది ఆరంభం వరకు ఇంత తక్కువ శాతం రాగి ఉన్న రాయిని ఎవరూ ఖనిజంగా లెక్కించలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బింగమ్ కాన్యన్ వద్ద డేనియల్ జాక్లింగ్ అనే ఇంజినీరు పెద్దయెత్తున తవ్వితే తక్కువశాతం ఖనిజమూ లాభిస్తుందని వాదించారు. 1903లో యూటా కాపర్ కంపెనీ ఏర్పడింది. 1906లో అక్కడ ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది. తర్వాతి దశాబ్దంలో నురుగు తేల్చే పద్ధతి అందుబాటులోకి రావడంతో సల్ఫైడ్ రేణువులను రాతిపిండి నుంచి వేరుచేయడం చవకైంది. బింగమ్ గొయ్యి నేడు కిలోమీటరుకు పైగా లోతున, దాదాపు నాలుగు కిలోమీటర్ల వెడల్పున ఉంది.

ఒక సాధారణ లెక్క ఈ పరిశ్రమ పరిమాణాన్ని తెలుపుతుంది. అర శాతం ఖనిజం టన్ను తవ్వితే అందులో 5 కిలోల రాగి ఉంటుంది. శుద్ధిలో 88 శాతం రాబట్టగలిగితే చేతికందేది 4.4 కిలోలు. ఒక విద్యుత్ కారులో సుమారు 80 కిలోల రాగి ఉంటుందనుకుంటే, దానికోసం 18 టన్నుల ఖనిజం తవ్వి పిండి చేయాలి. ఖనిజానికి రెండింతల పనికిరాని రాయిని తొలగించవలసి వస్తే మరో 36 టన్నులు కదలాలి. లోహశాతంలో పదో వంతు మార్పు కూడా గని లాభనష్టాలను తారుమారు చేయగలదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మలంజ్‌ఖండ్: 250 కోట్ల ఏళ్ల నాటి రాగి

ప్రపంచంలోని పోర్ఫిరీ నిక్షేపాల్లో అత్యధికం భూచరిత్రలో ఇటీవలి కాలానివి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లోనివి ఎక్కువగా గత ఆరేడు కోట్ల ఏళ్లలో ఏర్పడ్డాయి. ఇవి ఉపరితలానికి కొద్ది కిలోమీటర్ల లోతులోనే పుడతాయి కాబట్టి, పర్వతాలు అరిగిపోయేకొద్దీ ఇవి కూడా కొట్టుకుపోతాయి. వందల కోట్ల ఏళ్లనాటి పోర్ఫిరీ మిగిలి ఉండటం చాలా అరుదు. భారత ద్వీపకల్పంలో అత్యధిక భాగం అలాంటి అతి ప్రాచీన శిలలతో ఏర్పడింది. దేశంలో ఈ తరహా రాగి కొరతకు ఇదే మూలకారణం. మనకు సమీపంలో టిబెట్‌లోని కులోంగ్, పాకిస్థాన్‌లోని రెకో దిక్ వంటి పెద్ద పోర్ఫిరీ నిక్షేపాలు ఉన్నా, అవి యువ పర్వత శ్రేణులకు, అగ్నిపర్వత మేఖలలకు చెందినవి.

ఈ నేపథ్యంలో మలంజ్‌ఖండ్ ప్రత్యేకత తెలుస్తుంది. ఇది మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లాలో, బస్తర్ ప్రాచీన భూఖండపు ఉత్తర అంచున ఉంది. 1960ల చివర, 1970లలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఇక్కడ విస్తృతంగా అన్వేషణ జరిపింది. 1967లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ కాపర్ 1982లో ఇక్కడ గనిని నెలకొల్పింది. ఆ సంస్థ చెప్పే ప్రకారం దేశంలోని రాగి నిల్వల్లో సుమారు 70 శాతం ఈ ఒక్కచోటే ఉన్నాయి. ఖనిజంలో రాగి సుమారు ఒక శాతం. ఓపెన్‌కాస్ట్ గొయ్యి ఇక లోతుకు దిగలేని స్థితికి చేరుకోవడంతో సంస్థ భూగర్భ గనికి మళ్లింది. తన గనులన్నిటిలో కలిపి ఏటా సుమారు 40 లక్షల టన్నులుగా ఉన్న ఖనిజ ఉత్పత్తి సామర్థ్యాన్ని 1.22 కోట్ల టన్నులకు పెంచాలన్నది హిందుస్థాన్ కాపర్ లక్ష్యం. ఇందులో ప్రధాన భాగం మలంజ్‌ఖండ్‌దే.

నిక్షేపం విల్లులా వంగి, ఉత్తర దక్షిణంగా రెండు కిలోమీటర్లకు మించిన పొడవున సాగి, తూర్పు వైపునకు ఏటవాలుగా దిగుతుంది. ఖనిజంలో ఎక్కువ భాగం గ్రానైట్ మధ్య నిలిచిన భారీ క్వార్ట్జ్ గోడలో ఉంది. మిగిలినది చుట్టూ ఉన్న గ్రానైట్ పగుళ్లలో ఉంది. చాల్కోపైరైట్, పైరైట్‌లతోపాటు కొద్దిపాటి మాలిబ్డినైట్, బంగారం ఉన్నాయి. పైభాగంలో వాతావరణ ప్రభావంతో ఏర్పడిన మాలకైట్, చాల్కోసైట్ వంటి ఖనిజాలు లభించాయి.

పోర్ఫిరీయా, కాదా?

డి.బి. సిక్కా, సి.ఇ. నెహ్రూ వంటి శాస్త్రవేత్తలు మలంజ్‌ఖండ్‌ను పోర్ఫిరీ నిక్షేపంగానే పరిగణించాలని వాదించారు. ఫలకాల అంచుల్లో పుట్టే శిలాద్రవాన్ని పోలిన గ్రానైట్ ఇక్కడ ఉంది. గులాబీరంగు పొటాష్ ఫెల్డ్‌స్పార్ మార్పులు ఉన్నాయి. రాగి, మాలిబ్డినం, బంగారం కలిసి ఉన్నాయి. 2004లో హోలీ స్టెయిన్ బృందం రీనియం, ఆస్మియం ఐసోటోపుల పద్ధతిలో మాలిబ్డినైట్ వయసును సుమారు 249 కోట్ల ఏళ్లుగా లెక్కగట్టింది. భారత శాస్త్రవేత్త ఎస్.సి. సర్కార్ కూడా ఆ బృందంలో ఉన్నారు. గ్రానైట్ వయసు కూడా దాదాపు అంతే ఉండటంతో, శిలాద్రవంతోపాటే లోహమూ వచ్చిందన్న వాదనకు బలం చేకూరింది.

మరో వర్గం దీనితో ఏకీభవించలేదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన ఎం.కె. పాణిగ్రాహి, ఆయన సహ పరిశోధకులు ఈ సందేహాలను వివరంగా వెలిబుచ్చారు. పోర్ఫిరీలో ఖనిజం వేలాది సన్నని పగుళ్లలో చెదురుగా ఉండాలి, ఇక్కడ అధిక భాగం ఒకే పెద్ద క్వార్ట్జ్ గోడలో పోగుపడి ఉంది. మార్పు మండలాలు విశాల వలయాలుగా కాక ఇరుకుగా ఉన్నాయి. క్వార్ట్జ్ స్ఫటికాల్లో చిక్కుకున్న సూక్ష్మ ద్రవబిందువుల పరీక్ష, సాధారణ పోర్ఫిరీకంటే తక్కువ ఉష్ణోగ్రతను సూచించింది. నిక్షేపం ఏర్పడిన తర్వాత ఆ ప్రాంతం కోతబలాలకు, పునఃస్ఫటికీకరణకు లోనుకావడంతో తొలి ఆనవాళ్లలో కొన్ని చెరిగిపోయాయన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ పెద్దగా భేదం లేదు.

ఈ చర్చ అన్వేషణ దిశను నిర్ణయిస్తుంది. నిక్షేపం పోర్ఫిరీ అయితే, క్వార్ట్జ్ గోడను దాటి చుట్టూ ఉన్న గ్రానైట్‌లోనూ, లోతునా తక్కువశాతం ఖనిజం కోసం విశాలంగా వెతకాలి. అదే వయసు గ్రానైట్‌లున్న ఇతర ప్రాంతాలపైనా దృష్టి సారించాలి. పోర్ఫిరీ కాకపోతే, పగుళ్లు, భ్రంశాల వెంట సన్నని పట్టీలను అనుసరించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో విస్తరించిన తూర్పు ధార్వాడ్ భూఖండపు గ్రానైట్‌లలోనూ అనేకం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివే. వయసు ఒక్కటే కలిసినంత మాత్రాన రాగి ఉంటుందని చెప్పలేం. ఎంత లోతు వరకు కోతకు గురయ్యాయన్నది అసలైన ప్రశ్న. పైనున్న నిక్షేపాలు ఎప్పుడో కొట్టుకుపోయి, వాటి అడుగుభాగపు గ్రానైట్ మాత్రమే మిగిలి ఉండవచ్చు. మలంజ్‌ఖండ్ వద్ద గ్రానైట్‌పై తర్వాతి కాలపు చిల్పి అవక్షేప శిలలు ఉన్నాయి.

తెలుగు నేలపై రాగి

తెలుగు రాష్ట్రాల్లో తెలిసిన రాగి నిక్షేపాలు పోర్ఫిరీ తరహావి కావు. పల్నాడు ప్రాంతంలోని అగ్నిగుండాల వద్ద కడప బేసిన్‌కు చెందిన డోలమైట్, క్వార్ట్జైట్ వంటి అవక్షేప శిలల్లో రాగి, సీసం ఉన్నాయి. అక్కడ నల్లకొండ రాగికి, బండలమొట్టు సీసానికి, ధూకొండ రెండింటికీ పేరుపొందాయి. పూర్వీకులు తవ్విన గుంతల ఆనవాళ్లు ఆ కొండల్లో కనిపిస్తాయి. గతంలో హిందుస్థాన్ జింక్ సంస్థ బండలమొట్టులో సీసం తవ్వింది. తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మైలారంలో ఖమ్మం శిలామేఖలకు చెందిన రూపాంతర శిలల్లో రాగి ఉంది. దేశంలోని ఇతర ప్రధాన ప్రాంతాలైన జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్, రాజస్థాన్‌లోని ఖేత్రి కూడా పోర్ఫిరీ తరహా కాదు. వీటిలో ఖనిజం ఎక్కువగా పట్టీలుగా, పొరలుగా ఉంటుంది. ఇలాంటి చోట్ల లోహశాతం మెరుగ్గా ఉండవచ్చు గానీ, పోర్ఫిరీకి ఉన్న పరిమాణం ఉండదు.

అన్వేషణ ఎలా సాగుతుంది?

రాగి అన్వేషణ పెద్ద ప్రాంతంతో మొదలై చిన్న బిందువుతో ముగుస్తుంది. తొలుత ఉపగ్రహ చిత్రాలతో పరిశీలిస్తారు. సెరిసైట్, బంకమట్టి ఖనిజాలు కొన్ని పరారుణ తరంగాలను ప్రత్యేకంగా గ్రహిస్తాయి కాబట్టి, చెట్టుచేమ లేని ప్రాంతాల్లో మార్పు మండలాలను ఆకాశం నుంచే గుర్తించవచ్చు. తర్వాత నేలమీద భూగర్భ పటాలు గీస్తారు. వాగుల ఒండ్రు, మట్టి, రాతి నమూనాలు సేకరించి రాగి, మాలిబ్డినం, బంగారం వంటి మూలకాల మోతాదు కొలుస్తారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూరసాయన పటాల కార్యక్రమంలో భాగంగా దేశాన్ని రెండు కిలోమీటర్ల గడులుగా విభజించి నమూనాలు పరీక్షిస్తోంది. 2017లో విమానాల ద్వారా అయస్కాంత, రేడియోధార్మిక కొలతల జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇలా సేకరించిన సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచేందుకు 2023 డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార నిధి పోర్టల్‌ను ప్రారంభించారు.

భూభౌతిక పద్ధతులు తర్వాతి దశ. మాగ్నెటైట్ ఉన్న పొటాసిక్ మండలం అయస్కాంత కొలతల్లో ఎత్తుగానూ, మాగ్నెటైట్ నశించిన ఫిల్లిక్ మండలం పల్లంగానూ కనిపించవచ్చు. ఇండ్యూస్డ్ పోలరైజేషన్ పద్ధతిలో నేలలోకి విద్యుత్తు పంపి, ఆపివేసిన తర్వాత మిగిలిన ఆవేశం ఎంత నెమ్మదిగా తగ్గుతుందో కొలుస్తారు. చెదురుగా ఉన్న సల్ఫైడ్ రేణువులు ఆ ఆవేశాన్ని కొద్దిసేపు నిలుపుకుంటాయి. అయితే రాగి లేని వట్టి పైరైట్, గ్రాఫైట్ కూడా ఇదే సంకేతాన్ని ఇస్తాయి. అందుకే తుది నిర్ణయం డ్రిల్లింగ్‌దే.

వజ్రపు పళ్లున్న డ్రిల్లుతో వందల మీటర్ల లోతు నుంచి స్తంభాకారపు రాతి నమూనాలు తీస్తారు. వాటిలోని పగుళ్ల వయసు క్రమాన్ని, మార్పు ఖనిజాలను అంగుళం అంగుళం నమోదు చేస్తారు. తర్వాత నమూనాను నిలువునా రెండుగా కోసి, సగాన్ని పరీక్షకు పంపి, మిగతా సగాన్ని భద్రపరుస్తారు. ఎన్ని బోర్లు, ఎంత దూరంలో వేశారన్న దానిని బట్టి అంచనాపై నమ్మకం పెరుగుతుంది. మన దేశంలో దీన్ని నాలుగు దశలుగా చెబుతారు. ప్రాథమిక పరిశీలనకు జీ-4, తొలి అన్వేషణకు జీ-3, సాధారణ అన్వేషణకు జీ-2, సమగ్ర అన్వేషణకు జీ-1 అని పేర్లు.

కనుగొన్న నాటి నుంచి లోహం చేతికందే వరకు ఏళ్లు గడుస్తాయి. ఎస్కోండిడాకు తొమ్మిదేళ్లు పట్టి, 1990లో ఉత్పత్తి మొదలైంది. మంగోలియాలోని ఒయు తోల్గోయ్‌లో 2013లో ఓపెన్‌కాస్ట్, 2023లో భూగర్భ ఉత్పత్తి ప్రారంభమయ్యాయి. అరిజోనాలో కిలోమీటరున్నరకు మించిన లోతున ఉన్న రిజల్యూషన్ నిక్షేపం 1990లలోనే వెలుగుచూసినా, స్థానిక ఆదివాసుల పవిత్ర స్థలంపై వివాదం తదితర కారణాలతో నేటికీ ఉత్పత్తికి నోచుకోలేదు.

పర్యావరణ మూల్యం

లోహశాతం తక్కువ కావడంతో తవ్విన రాతిలో 98 శాతానికి పైగా వ్యర్థంగానే మిగులుతుంది. ఆ రాతిపిండిని నీటితో కలిపి పెద్ద కట్టల వెనుక నిల్వచేస్తారు. అందులోని పైరైట్ గాలి, నీరు తగిలి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. నిక్షేపాన్ని సహజంగా సాంద్రం చేసే అదే రసాయన చర్య, గని వ్యర్థాల్లో జరిగితే వాగులకు, పొలాలకు ముప్పవుతుంది. పపువా న్యూ గినీలోని బూగన్‌విల్ దీవిలో పంగునా గని వ్యర్థాలపై, ఆదాయ పంపిణీపై రగిలిన అసంతృప్తి 1989లో గని మూతకు, ఆ తర్వాత సుదీర్ఘ అంతర్యుద్ధానికి దారితీసింది. స్థానిక ప్రజల సమ్మతి, వ్యర్థాల నిర్వహణ గనికి భూగర్భ శాస్త్రమంత ముఖ్యమని ఆ అనుభవం చెబుతోంది.

దేశం ముందున్న మార్గాలు

2023లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రాగి చోటు చేసుకుంది. పోర్ఫిరీలో రాగి వెంట వచ్చే మాలిబ్డినం, రీనియం, సెలీనియం, టెల్లూరియం కూడా అందులో ఉన్నాయి. అదే ఏడాది గనుల చట్టాన్ని సవరించి, లోతున ఉండే ఖనిజాలకోసం ప్రత్యేక అన్వేషణ లైసెన్సును ప్రవేశపెట్టారు. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. విదేశాల్లో ఖనిజ ఆస్తులు సంపాదించేందుకు 2019లో ఏర్పాటైన కాబిల్ సంస్థలో హిందుస్థాన్ కాపర్ భాగస్వామి.

దేశంలో రాగిని కరిగించే పెద్ద కర్మాగారాలు గుజరాత్‌లోని దహేజ్, ముంద్రాలలో ఉన్నాయి. అవి ప్రధానంగా దిగుమతి చేసుకున్న సాంద్రిత ఖనిజంపైనే ఆధారపడతాయి. 2018లో తమిళనాడులోని తూత్తుకుడి కర్మాగారం మూతపడిన తర్వాత శుద్ధిచేసిన రాగి విషయంలోనూ దేశం నికర దిగుమతిదారుగా మారింది. కొత్త కర్మాగారాలు శుద్ధి సామర్థ్యం కొరతను తీర్చగలవు. గనుల కొరతను అవి తీర్చలేవు.

మరో వనరు నగరాల్లోనే ఉంది. కంప్యూటర్లు, ఫోన్లలోని సర్క్యూట్ బోర్డుల బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు రాగి ఉండవచ్చు. ఇది ఏ పోర్ఫిరీ నిక్షేపంకంటేనైనా అనేక రెట్లు ఎక్కువ. ఘాజియాబాద్ జిల్లాలోని లోనీ వంటి చోట్ల తీగలు కాల్చి, బోర్డులను ఆమ్లంలో ముంచి రాగి తీసే అనధికారిక పనులు చాలాకాలంగా సాగుతున్నాయి. వాటివల్ల కార్మికుల ఆరోగ్యం, భూగర్భ జలాలు దెబ్బతింటున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు ఈ పనిని నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకు మళ్లించేందుకు ఉద్దేశించినవి.

పునర్వినియోగం ఎంత పెరిగినా, విద్యుత్ వాహనాలు, సౌర, పవన విద్యుత్తు విస్తరిస్తున్న దేశానికి అదొక్కటే చాలదు. కొత్త గనులు కావాలి. వాటికోసం ఎక్కడ, ఎంత లోతున, ఏ తరహా నిక్షేపం కోసం వెతకాలన్న ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం మలంజ్‌ఖండ్ రాళ్లలో ఉంది. ఓపెన్‌కాస్ట్ గొయ్యి కిందకు సాగుతున్న భూగర్భ గని రాగితోపాటు, ఇంతవరకు ఎవరూ చూడని లోతుల్లోని శిలలనూ వెలుగులోకి తెస్తుంది. పోర్ఫిరీ వాదనను బలపరిచే లేదా తోసిపుచ్చే తదుపరి ఆధారాలు అక్కడి నుంచే రావలసి ఉంది.